మీటింగ్‌లో నోరు పెగలడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 28. సొంతూరు నల్గొండ జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి, హైదరాబాద్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్యూసీలో (నాణ్యత పరీక్షించే విభాగం) పనిచేస్తున్నాను. పని విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. శాంపిల్స్ పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మొరాయిస్తే అందరూ నన్నే పిలుస్తారు. కానీ పొద్దున మీటింగ్‌లో మాట్లాడాలంటే గొంతు ఎండిపోతుంది, గుండె దడదడలాడుతుంది. రాసుకున్న కాగితం నా జూనియర్ చేతికిచ్చి చెప్పమంటాను. అతను ఇంగ్లీష్ మీడియం కుర్రాడు, గడగడా చెప్పేస్తాడు. ఇప్పుడు ఆ పనంతా అతనే చేస్తున్నాడని మేనేజర్ అనుకుంటున్నారు. పోయినసారి ఆడిట్‌లో (నాణ్యత తనిఖీ) కూర్చోమంటే జ్వరమని సెలవు పెట్టాను. రెండు నెలల్లో మళ్లీ ఆడిట్ ఉంది. రాత్రిళ్లు మోటివేషన్ వీడియోలు చూసి, పొద్దున ఐదింటికే లేవాలని నిర్ణయించుకుంటాను. మూడో రోజుకి వదిలేస్తాను. ఇంట్లో కూడా సరిగా మాట్లాడనని నా భార్య అంటుంది. కాన్ఫిడెన్స్ వస్తే ఇవన్నీ సర్దుకుంటాయి అనిపిస్తుంది. రోజూ ఏ అలవాట్లు చేసుకోవాలో చెప్పండి. పేరు వేయొద్దు.

సమాధానం: తమ్ముడూ, మాట్లాడటం రాదని మీరు అంటున్నారు గానీ మీ ఉత్తరం అలా లేదు. ఎక్కడ పని, ఏది కష్టంగా ఉంది, ఎంత గడువు ఉంది, ఏం ప్రయత్నించి వదిలేశారు, అన్నీ వరుసగా వచ్చాయి. నాలుగు పేజీలు చదివినా అసలు బాధేంటో అంతుపట్టని ఉత్తరాలు మాకు చాలా వస్తాయి. విషయాన్ని పేర్చుకోవడం మీకు వచ్చు. అదే సంగతి పది మంది ముందు నోటితో చెప్పాల్సి వచ్చేసరికి ఆగిపోతున్నారు. పేర్చుకోవడం రాకపోతే నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. నోరు విప్పడానికి అంత కాలం అక్కర్లేదు.

ఒక్క దగ్గర మాత్రం మీతో నాకు పేచీ. ‘కాన్ఫిడెన్స్ వస్తే అన్నీ సర్దుకుంటాయి’ అన్నారు. అది ముందు రావాలి, వచ్చాక మాట్లాడతాను అని కూర్చుంటే రిటైరయ్యే దాకా కూర్చోవాల్సిందే. నాలుగు సార్లు మాట్లాడి, కొంపేమీ మునగలేదని చూసుకున్నాక వచ్చేది అది. అల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్టు 1977లో దీని మీదే ఒక సిద్ధాంతం ప్రచురించారు. ‘ఈ పని నేను చేయగలను’ అనే నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందన్నారు. తాను స్వయంగా చేసి నెగ్గుకురావడం ఒకటి. తనలాంటివాడు చేస్తుంటే చూడటం రెండోది. ‘నువ్వు చేయగలవు’ అని ఎవరైనా చెప్పడం మూడోది. ఆ సమయంలో ఒంట్లో పుట్టే దడనీ చెమటనీ తాను ఎలా అర్థం చేసుకుంటాడన్నది నాలుగోది. అన్నిటికన్నా గట్టిది మొదటి దారి.

మీరు రాత్రిళ్లు చూసే వీడియోలు మూడో దారిలోకి వస్తాయి. అదీ మిమ్మల్ని ఎరిగినవాళ్లు చెప్పే మాట కూడా కాదాయె, లక్షల మందికి ఒకేసారి చెప్పేది. వింటున్నంతసేపూ ఒళ్లు పులకరిస్తుంది, ఏదో సాధించినట్టే ఉంటుంది. పొద్దున మీటింగ్ రూమ్ తలుపు తోసేసరికి అందులో ఒక్క ముక్కా గుర్తుండదు. వాటిని మానేయమని నేను చెప్పను, వినోదం కోసం చూసుకోండి. పని చేసిన లెక్కలో మాత్రం వేసుకోకండి.

రెండో దారి మీ కంపెనీలోనే ఉంది. తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు మీటింగుల్లో తొణక్కుండా మాట్లాడే సీనియర్ ప్రొడక్షన్‌లోనో వేర్‌హౌస్‌లోనో ఒకరైనా ఉంటారు. ఆయన ఎలా మొదలుపెడతారో, తెలియని ప్రశ్న వస్తే ఏమంటారో, ఎక్కడ ఆగుతారో చూడండి. ఆయన ఇంగ్లీష్‌లో తప్పులు కూడా వినిపిస్తాయి. ఆ తప్పుల వల్ల ఏ బ్యాచ్ రిలీజూ ఆగలేదని కూడా కనిపిస్తుంది. స్టేజీల మీద చేతులూపుతూ మాట్లాడేవాళ్ల కన్నా ఈయన మీకు ఎక్కువ నేర్పుతారు.

ఇక పొద్దున మీటింగ్. కాగితం జూనియర్ చేతిలో పెట్టిన క్షణంలో మీకు ఎంత హాయిగా ఉంటుందో ఊహించగలను. చిక్కంతా ఆ హాయితోనే. ‘ఈ రోజు తప్పించుకున్నాను కాబట్టి గట్టెక్కాను’ అని మనసు నమ్మేస్తుంది. మర్నాటికి భయం ఇంకాస్త బలుస్తుంది. భయానికి మనం మేత వేస్తున్నామన్న సంగతి కూడా తెలియకుండా నెలలు గడిచిపోతాయి.

అలాగని రేపే మొత్తం మీరే చెప్పమని అనను. ముందు ఒక్క మాట మీ దగ్గర ఉంచుకోండి, మిగతాది అతన్నే చెప్పనివ్వండి. ‘నిన్న ఆరు శాంపిల్స్ వచ్చాయి సార్, నాలుగు రిలీజ్ చేశాం.’ అంతే. ఒక వారం ఇదే. తర్వాతి వారం ఇంకొకటి కలపండి: ‘రెండు ఆగాయి. ఒకదానికి స్టాండర్డ్ రావాలి, ఇంకోదానికి సిస్టమ్ సూటబిలిటీ ఫెయిలైంది.’ ఆ పై వారం ఇంకొకటి: ‘మధ్యాహ్నం మూడింటికల్లా చెప్పేస్తాం.’ ఎన్ని అయ్యాయి, ఎన్ని ఆగాయి, మిగతావి ఎప్పటికి తేలతాయి. క్యూసీ వాళ్ల నుంచి ప్రొడక్షన్ వాళ్లకు పొద్దున్నే కావాల్సింది ఇంతకన్నా ఏముంటుంది? ఈ మాటల్లో ఇంగ్లీష్ పదాలన్నీ మీరు రోజూ వాడేవే, క్రియలన్నీ తెలుగు. ఏ కంపెనీ మీటింగైనా మన దగ్గర నడిచేది ఈ భాషలోనే.

ఈ మాటల్ని డ్యూటీ దిగే ముందే రాసుకోండి. అంకెలు గిలికి పెట్టుకుంటే సరిపోదు, మీటింగ్‌లో ఎలా అంటారో అలాగే పూర్తి వాక్యాలుగా రాయండి. అంకెల్ని వాక్యాలుగా మార్చే పని అందరి కళ్లూ మీ మీద ఉన్నప్పుడు చేయబోతేనే తడబాటు మొదలయ్యేది. మర్నాడు మీటింగ్‌కి ముందు వాటిని రెండు మూడు సార్లు పైకి చదవండి. ల్యాబ్ వెనకాలో, పార్కింగ్‌లోనో, ఎవరూ లేని చోట. మనసులో చదువుకుంటే ప్రతిదీ అద్భుతంగానే ఉంటుంది, నోటికి మాత్రం అలవాటు కాదు. హెచ్‌పీఎల్‌సీలో కాలమ్ ఈక్విలిబ్రేట్ కాకముందే, అంటే యంత్రం కుదురుకోకముందే, శాంపిల్ ఇంజెక్ట్ చేస్తే పీకులు ఎంత అస్తవ్యస్తంగా వస్తాయో మీకు నేను చెప్పాలా? ఆ రోజు గొంతు విప్పకుండా నేరుగా మీటింగ్‌లో కూర్చుంటే మొదటి మాట కూడా అలాగే వస్తుంది.

వీలైతే మొదట్లోనే మాట్లాడేయండి. మీ వంతు ఆఖరుకి వస్తే అంతసేపూ గుండె దడ పెంచుకుంటూ కూర్చుంటారు, పక్కవాళ్లు చెప్పేది ఒక్కటీ చెవికెక్కదు. ‘సార్, క్యూసీ అప్‌డేట్ ముందు చెప్పేస్తాను, ల్యాబ్‌లో రన్ ఉంది’ అంటే ఎవరూ కాదనరు. రోజూ ఏదో ఒక రన్ ఉండనే ఉంటుంది కాబట్టి అది అబద్ధం కూడా కాదు.

టెన్షన్‌లో ఉన్నవాళ్లు వాక్యం చివర్ని మింగేస్తారు. మన భాషలో అవునో కాదో తేలేది ఆ చివర్లోనే. ‘ఆ బ్యాచ్ టెస్టింగ్ ఇంకా...’ అంటూ గొంతు తగ్గిపోతే ‘అవలేదు’ అన్నారో ‘అవుతోంది’ అన్నారో తెలియక మేనేజర్ ‘ఏంటి?’ అని రెట్టిస్తారు. ఆయన అలా రెట్టించేసరికి మీరు ఇంకా బెదురుతారు. ఆయన కోప్పడ్డారని మీరనుకుంటారు, ఆయనకు నిజంగానే వినపడి ఉండదు. చివరి మాట పూర్తిగా, మొదటి మాటంత గట్టిగా పలకండి. ఈ ఒక్కటి సరిచేసుకుంటేనే సగం మీటింగ్ తేలికవుతుంది. ఇంకొకటి, ‘సారీ సార్, పెద్దగా ఏం లేదు’ అని మొదలుపెట్టే అలవాటుంటే మానేయండి. ఆరు శాంపిల్స్ పని చేసినవాడు సారీ ఎందుకు చెప్పాలి?

దడ సంగతికి వద్దాం. దాన్ని పూర్తిగా పోగొట్టాలని చూడకండి, పోదు. చాలా ఏళ్లుగా మాట్లాడుతున్నవాళ్లకూ కొంచెం ఉంటుంది. 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. ఉపన్యాసం, పాట, లెక్కల పరీక్ష లాంటి టెన్షన్ పెట్టే పనులకు ముందు కొందరిని ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకోమన్నారు, మరికొందరిని ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అనుకోమన్నారు. రెండో గుంపువాళ్లే మెరుగ్గా చేశారు. కారణం కొంత సులువుగానే అర్థమవుతుంది. ఉత్సాహంలోనూ గుండె వేగంగానే కొట్టుకుంటుంది, భయంలోనూ అంతే. కొట్టుకునే గుండెను ఆపడం మన చేతిలో లేదు, దానికి ఏ పేరు పెట్టుకోవాలన్నది కొంతవరకు మన చేతిలోనే ఉంది. దసరాకి ఊరెళ్లే బస్సు ఎక్కేటప్పుడు కూడా గుండె ఇలాగే కొట్టుకుంటుంది, అప్పుడు మీరు జ్వరమని సెలవు పెట్టరు కదా. మరీ ఎక్కువగా ఉంటే ఊపిరి మామూలుగా తీసుకుని, దానికన్నా ఎక్కువసేపు నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గడం శరీరంలో సహజంగా జరిగేదే. నాలుగైదు సార్లు అలా చేస్తే గొంతులో వణుకు అదుపులోకి వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు.

మీ వణుకు అందరికీ కనిపిస్తోందని కూడా మీకు అనిపిస్తూ ఉంటుంది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ బృందం కొందరు విద్యార్థులకు ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్ట్ తొడిగింది. వేసుకోవడానికి వాళ్లు సిగ్గుపడే బొమ్మ అది. అలాగే నలుగురు కూర్చున్న గదిలోకి పంపింది. గదిలో దాదాపు సగం మంది తమ టీషర్ట్ గమనించి ఉంటారని వాళ్లు లెక్కేసుకున్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతు మంది. 2000లో ఆ పరిశోధన అచ్చయింది. మీ మీటింగ్‌లో కూర్చున్న ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి తన రియాక్టర్ గురించి ఆలోచిస్తుంటాడు, వేర్‌హౌస్ అతను తన లారీ గురించి. మీ చేతి వేళ్లు వణుకుతున్నాయా లేదా అని చూసే తీరిక అక్కడ ఎవరికుంది?

జూనియర్ గురించి రాసిన వాక్యంలో కొంచెం మంట కనిపించింది. ఆ మంటకు కారణం ఉంది, కాదనను. కానీ కాగితం అతను లాక్కోలేదు, మీరిచ్చారు. అతను మీ పేరు చెప్పకపోవడం తప్పే, అయినా ఆ వయసులో చాలామందికి ఆ ధ్యాస ఉండదు. మేనేజర్ దగ్గరికెళ్లి ‘అది నేను చేసిన పని సార్’ అంటే పితూరీలా వినపడుతుంది. కుర్రాడితోనే నేరుగా మాట్లాడండి. ‘ఈ ఓఓఎస్ (ఫలితం లిమిట్ దాటిన శాంపిల్) ఇన్వెస్టిగేషన్ మీటింగ్‌లో నేనే చెప్తాను. ఎక్కడైనా ఆగితే నువ్వు అందుకో’ అనండి. అతను మీకు పోటీగా కాకుండా పక్కన నిలబడే మనిషి అవుతాడు. అతనికి ఇంగ్లీష్ బాగా వస్తే, మీకు క్రొమటోగ్రామ్ (హెచ్‌పీఎల్‌సీ ఇచ్చే గ్రాఫ్) చదవడం బాగా వస్తుంది. లంచ్‌లో పావుగంట ఒకరికొకరు నేర్పుకోండి. జూనియర్‌ని అడగడం చిన్నతనమేమో అని మీకు అనిపిస్తే, అడగలేక జ్వరం నటించడం అంతకన్నా పెద్ద ఇబ్బందే కదా.

ఇంగ్లీష్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. లండన్‌లో బారిస్టర్ చదివొచ్చిన గాంధీ, బొంబాయి కోర్టులో తన తొలి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోట మాట రాక కూర్చుండిపోయారు. ఫీజు తిరిగిచ్చేసి, ఇంకో వకీలును పెట్టుకోమని చెప్పి వచ్చేశారు. ఆయనకు ఇంగ్లీష్ రాకనా? మీ బాధలో కూడా ఇంగ్లీష్ వాటా మీరనుకుంటున్నంత లేదేమో చూసుకోండి. ఇంట్లో మీ ఆవిడతో తెలుగులోనే కదా మాట్లాడాల్సింది, అక్కడా మాట రావడం లేదని మీరే రాశారు.

అందుకని ముందు తెలుగులో మొదలుపెట్టండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఈ రోజు ల్యాబ్‌లో జరిగిన ఒక సంగతి ఒక నిమిషంలో చెప్పండి. ఎవరు, ఏం జరిగింది, ఎలా తేలింది. మళ్లీ వినండి. మీ గొంతు మీకే నచ్చదు, దానికి కంగారుపడకండి. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు పుర్రె ఎముకల ద్వారా కూడా మనకు చేరుతుంది, అందుకే లోపలికి నిండుగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో ఆ భాగం ఉండదు, ఎవరి గొంతైనా పలచగానే అనిపిస్తుంది. ‘అంటే... అదీ... ఏంటంటే...’ అనేవి ఎన్ని వచ్చాయో వినండి. వాటి బదులు ఊరికే ఆగడం నేర్చుకోండి. ఆగితే మనకు చాలాసేపు ఆగినట్టుంటుంది, వినేవాళ్లకు ఆలోచించి చెబుతున్నట్టుంటుంది. తెలుగులో నిమిషం సాఫీగా వచ్చాక అదే సంగతి ఇంగ్లీష్‌లో చెప్పి చూడండి. మీ పనికి సంబంధించిన వాక్యాలు ఒక ముప్పై నలభై ఉంటాయి, అంతే. శాంపిల్ ఎప్పుడొచ్చింది, ఎవరు తూకం వేశారు, ఏ మెథడ్, ఫలితం ఎంత, లిమిట్ ఎంత. డబ్బు కట్టి చేరిన కోర్సుల్లో ‘రెస్టారెంట్‌లో ఎలా ఆర్డర్ చేయాలి’ నేర్పుతారు, మీకు కావాల్సింది ఈ ముప్పై వాక్యాలు.

నలుగురి ముందు సాధన చేయడానికి చోటు కావాలంటే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఉన్నాయి. 1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ ఇది, హైదరాబాద్‌లో చాలా క్లబ్బులున్నాయి. సభ్యత్వం తీసుకోకముందు అతిథిగా వెళ్లి కూర్చోవచ్చు. ఎవరు ఎన్నిసార్లు ‘ఆఁ, ఊఁ’ అన్నారో లెక్కపెట్టడానికే అక్కడ ఒక మనిషిని పెడతారు. మొదట ఒకటి రెండు సార్లు ఊరికే వెళ్లి చూసి రండి. ఆ వాతావరణం నచ్చకపోతే మానేయండి, అది అందరికీ సరిపడేది కాదు.

ఐదింటికి లేవడం దగ్గరికి వస్తే, నాకు నిజంగా నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఫార్మా క్యూసీ అంటే షిఫ్టులుంటాయి. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఇంటికొచ్చినవాడికి ఐదింటికి లేవమనే సలహా ఎలా అతుకుతుంది? మూడో రోజు మానేశారంటే మీలో పట్టుదల లేదని కాదు, ఆ టైమ్‌టేబుల్ మీ బతుక్కి రాసింది కాదు. మీలాంటివాళ్లు అలవాటును గడియారానికి కట్టకూడదు. షిఫ్ట్ ఏదైనా తప్పక జరిగే పనికి కట్టాలి. పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు పరిశోధనల్లో పదే పదే తేలింది ఇదే: ‘వ్యాయామం చేయాలి’ అనుకునేవాళ్ల కన్నా ‘ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువ. మీకైతే ఇలా: గేటు దగ్గర పంచ్ కొట్టగానే ఎదురైన మొదటి మనిషిని నేనే ముందు పలకరిస్తాను. కంపెనీ బస్సులో సీటు దొరకగానే పక్కవాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను. ల్యాబ్ కోటు విప్పగానే రేపటి మూడు వాక్యాలు రాస్తాను. సెక్యూరిటీ అన్నతో ‘బాగున్నావా, రాత్రి వాన పడిందా ఇక్కడ’ అనడం కూడా సాధనే. పందెం లేని చోట నోరు ఆడితేనే పందెం ఉన్న చోట ఆడుతుంది.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని వీడియోల్లో చెప్పి ఉంటారు. దాన్ని పట్టించుకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించింది. ఒక చిన్న పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలు, కొందరికైతే లెక్క 254 రోజుల దాకా వెళ్లింది. అందులో నాకు ఎక్కువ నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పిపోతే దాదాపు నష్టమేమీ లేదు. కాబట్టి మూడో రోజు కుదరకపోతే నాలుగో రోజు చేయండి. ‘పోయింది, మళ్లీ సోమవారం నుంచి’ అనే లెక్క మాత్రం వద్దు.

ఇంటి విషయం. మీ ఉత్తరంలో దానికి ఒక్క వాక్యమే ఇచ్చారు. నాకైతే మీటింగ్ కన్నా అదే ముఖ్యం అనిపిస్తోంది, మీరు అడగలేదు కాబట్టి ఎక్కువ చెప్పను. షిఫ్ట్ నుంచి వచ్చిన మనిషి అలసిపోయి ఉంటాడు, ‘ఏం జరిగింది?’ అంటే ‘ఏముంది, మామూలే’ అంటాడు. వినేవాళ్లకు అది తలుపు మూసినట్టుంటుంది. ఫోన్ ఇంకో గదిలో ఛార్జింగ్‌కి పెట్టి, అన్నం తినేంతసేపైనా ఇద్దరూ కూర్చోండి. ల్యాబ్‌లో జరిగినదాంట్లో మనుషులున్న సంగతి ఒకటి చెప్పండి, కాలమ్ ప్రెజర్ గురించి కాదు. తర్వాత ఆమె చెప్పేది మధ్యలో అందుకోకుండా, పరిష్కారం చెప్పకుండా, చివరి దాకా వినండి. వినడం కూడా కమ్యూనికేషనే, నిజానికి మీలాంటి నెమ్మదస్తులకు త్వరగా పట్టుబడేది అదే. ఒక జాగ్రత్త: ‘మాట్లాడటం ప్రాక్టీస్ చేస్తున్నా’ అని మాత్రం ఆమెతో అనకండి. ఏ భార్యకీ ప్రాక్టీస్ బోర్డు అవ్వాలని ఉండదు.

వైద్యం సంగతి కూడా చెప్పాలి, జ్వరమని సెలవు పెట్టానన్నారు కాబట్టి. ఇవన్నీ కొన్ని వారాలు చేసినా భయం తగ్గకుండా ఉండటం, మీటింగ్ అంటే ముందు రోజు నుంచే నిద్ర పట్టకపోవడం, వాంతి వచ్చినట్టుండటం, ధైర్యానికి మందు తాగాలనిపించడం, పెళ్లిళ్లకూ శుభకార్యాలకూ కూడా వెళ్లకుండా తప్పించుకోవడం ఉంటే అది కేవలం బిడియం కాకపోవచ్చు. సోషల్ యాంగ్జైటీ అనే సమస్యకు మంచి చికిత్స ఉంది. సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. భయపడే పనిని మెట్టుమెట్టుగా చేయిస్తూ, దాని చుట్టూ అల్లుకున్న ఆలోచనల్ని పరీక్షింపజేసే పద్ధతిని సీబీటీ అంటారు, ఇలాంటి సమస్యకు అది బాగా పనిచేస్తుంది. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆఖరుగా ఆడిట్. మీరు దీనికే ఎక్కువ భయపడుతున్నారు, నాకేమో మీ స్వభావానికి తగిన చోటు ఇదే అనిపిస్తోంది. ఆడిటర్ ముందు వాగుడుకాయలే ఇరుక్కుంటారు. అడిగినదానికి జవాబు చెప్పి ఆగాల్సిన చోట ఆగలేక, పోయినేడాది జరిగిన సంగతి కూడా కలిపి చెప్పి, కొత్త ప్రశ్నను కొని తెచ్చుకుంటారు. మీరు ఆగగలరు. అడిగింది పూర్తిగా వినండి, అర్థం కాకపోతే ‘మరోసారి అడగగలరా’ అనండి, అడిగిందానికే చెప్పండి, డాక్యుమెంట్ తీసి చూపించండి, మౌనంగా కూర్చోండి. ఆ తర్వాతి మౌనాన్ని నింపే బాధ్యత మీది కాదు. తెలియకపోతే ‘ఎస్‌ఓపీ (పని పద్ధతి రాసి ఉన్న పత్రం) చూసి చెప్తాను’ అనడం అక్కడ తప్పు కాదు, ఊహించి చెప్పడమే తప్పు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ అయితే ఇన్‌స్పెక్టర్లు తమ కంట పడిన లోపాలను చివర్లో ఫారం 483 మీద రాసిచ్చి వెళ్తారు. మీ ఇంగ్లీష్ ఉచ్చారణ బాగాలేదని రాసే గడి అందులో లేదు.

సాధన మాత్రం గట్టిగా చేయాలి. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉంటుంది. అవధాని సమస్యో దత్తపదో పూరించే పనిలో ఉండగా, సంబంధం లేని ప్రశ్నలు వేసి దృష్టి మళ్లించడమే ఆ పృచ్ఛకుడి పని. అవధాని దానికీ నవ్వుతూ బదులిచ్చి, పద్యాన్ని వదిలిన చోటు నుంచే అందుకుంటారు. మీ జూనియర్‌కి ఆ పృచ్ఛకుడి వేషం ఇవ్వండి. ‘ఫలితం స్పెసిఫికేషన్ దాటితే ఏం చేస్తారు?’ అని అతను అడగాలి. ‘ముందు ల్యాబ్‌లో తప్పేమైనా జరిగిందా చూస్తాం, అనలిస్టుతో మాట్లాడతాం, కారణం తేలకుండా ఊరికే మళ్లీ టెస్ట్ చేయం’ అని మీరు చెబుతుండగానే, ‘ఈ పేజీలో కొట్టివేత దగ్గర తేదీ ఏది?’ అని మధ్యలో అడ్డుపడాలి. మీరు దానికి జవాబు చెప్పి మళ్లీ మొదటి సంగతికి రావాలి. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీష్‌లో. రెండు నెలల గడువు దీనికి బాగా సరిపోతుంది.

అయితే పేర్ల లిస్టు ఆడిట్‌కి చాలా ముందే తయారవుతుంది, పోయినసారి సెలవు పెట్టారు కాబట్టి ఈసారి మిమ్మల్ని అడక్కపోవచ్చు కూడా. అందుకని ఈ వారంలోనే మేనేజర్ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పండి: ‘సార్, ఈసారి హెచ్‌పీఎల్‌సీ ప్రశ్నలకు నేను కూర్చుంటాను. అంతకు ముందు క్యూఏ (నాణ్యతా హామీ విభాగం) వాళ్లతో ఒక మాక్ ఆడిట్ పెట్టించండి.’ లోపలికి వెళ్లే ముందు ఈ రెండు వాక్యాలూ పార్కింగ్‌లో పైకి చదువుకోవడం మరచిపోకండి.